కాలేయ రోగి ఇంటికి వెళ్లేటప్పుడు తెలుగులో ఒక కాగితం ఇవ్వండి

సంపాదకులకు,

అయ్యా,

మా బావగారు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పీలేరు, మదనపల్లె వైపు వెళ్లే కిక్కిరిసిన బస్సుల్లో నిలబడిన చోటనే చిల్లర లెక్క తేల్చేవారు. అటువంటి ఆయన నిరుడు కార్తీకంలో ఒకనాడు కూరగాయల అంగడి దగ్గర వంద నోటుకు రావలసిన చిల్లరను మూడుసార్లు లెక్కపెట్టి, మూడుసార్లూ తప్పి, డబ్బు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చారు. వయసు మీద పడిందనుకున్నాం. ఆ తరువాత పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ మొదలయ్యాయి. అర్ధరాత్రి లేచి, డ్యూటీకి వేళయిందని చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మా అక్క బెదిరిపోయింది. జన్మలో మద్యం ముట్టని మనిషి తూలుతూ, మాట తడబడుతూ కనిపించేసరికి ఇరుగుపొరుగువారు వేరే అర్థం తీశారు. ఒక బంధువు తాయెత్తు కట్టించమన్నారు.

మధుమేహం, కాలేయానికి కొవ్వు పట్టడం కారణంగా ఆయనకు సిరోసిస్, అంటే కాలేయం గట్టిపడిపోయే జబ్బు, వచ్చిందని మాకు అంతకు ఏడాది ముందే తెలుసు. కాలేయం చెడితే కామెర్లు వస్తాయని, కడుపులో నీరు చేరుతుందని విన్నాం గానీ, మెదడు మసకబారుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. దీనిని వైద్యులు హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. తిన్న మాంసకృత్తులను పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. మంచి కాలేయం దానిని యూరియాగా మార్చి మూత్రంలో పోయేటట్టు చేస్తుంది. గట్టిపడిన కాలేయానికి ఆ శక్తి తగ్గిపోవడమే కాక, పేగుల నుంచి వచ్చే రక్తంలో కొంత భాగం కాలేయంలోకి పోకుండా పక్కదారులు పట్టి ఒంటి రక్తంలో కలుస్తుంది కనుక, ఆ అమ్మోనియా మెదడుకు చేరి అక్కడి కణాలు కొన్నింటిని నీరు పట్టి ఉబ్బేటట్టు చేస్తుంది. ఇది అరుదైన సంగతి కాదు. సిరోసిస్ ఉన్నవారిలో నూటికి 30 నుంచి 40 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితి బయటపడుతుందని వైద్యులు చెబుతారు.

మా ఇంట్లో ఇది ముదరడానికి కారణం మేమే. అంతకుముందు ఒకసారి ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఇచ్చిన మందులలో లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్ ఉంది. కాగితం మీద దాని పేరు, ఎన్ని మిల్లీలీటర్లో ఇంగ్లీషులో రాశారే తప్ప ఎందుకో రాయలేదు. మందుల అంగడిలో అడిగితే మలబద్ధకానికి అన్నారు. పెండ్లికని పీలేరు వెళ్లవలసి వచ్చినప్పుడు, దారిలో విరేచనాలయితే అవస్థ అని మా అక్క దానిని ఆపేసింది. తిరిగి వచ్చాక మొదలుపెట్టలేదు. నాలుగు రోజులు విరేచనం కాలేదు. రాత్రి నిద్ర పట్టడం లేదని చీటీ లేకుండానే ఎక్కడో నిద్రమాత్రలు తెచ్చి వేశాం. అసలే మసకబారిన మెదడుకు నిద్రమాత్ర ఎంత చేటో ఆ మరునాడు పిలిచినా పలకని స్థితిలో ఆయనను 108 వాహనంలోకి ఎక్కించినప్పుడు తెలిసింది.

ఆ సిరప్ వట్టి విరేచనాల మందు కాదు. అది పెద్దపేగులో పులుపును పెంచి, అమ్మోనియా రక్తంలోకి పోకుండా అక్కడే పట్టి ఉంచి, మలంతోపాటు బయటికి పంపుతుంది. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేటట్టు మోతాదును సరిచూసుకోవాలి. ఒక్కసారీ కాకపోతే పెంచాలి, నీళ్లలా అయితే తగ్గించాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినా ఇదే జబ్బు తిరగబెడుతుంది. ఇన్ఫెక్షన్, కడుపులో రక్తస్రావం, నీరు తీసే మాత్రలు ఎక్కువ కావడం కూడా దీనిని రప్పిస్తాయి. మలం నల్లగా తారులా వచ్చినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు.

పథ్యం సంగతి కూడా చెప్పాలి. మన వైపు కాలేయం అనగానే పప్పు, పాలు, గుడ్డు అన్నీ మాన్పించి, చారన్నంతో మనిషిని ఎండబెడతాం. మాంసకృత్తులు తగ్గించాలన్నది ఒకప్పుడు వైద్యులు చెప్పిన మాటే గానీ, ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ఇవ్వాలంటున్నారు, ఎందుకంటే కండరాలు కూడా కొంత అమ్మోనియాను తీసుకుంటాయి, కండ కరిగితే ఆ ఆసరా కూడా పోతుంది. పప్పు, పెరుగు వంటివి వీరికి బాగా సరిపడతాయి. రాత్రి పడుకునే ముందు ఏదైనా కొంచెం తినిపించమని మాకు చెప్పారు. సంగటి, పప్పుతో పెరిగిన మనిషికి ఇది పథ్యం కంటే పండగే.

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఆసుపత్రులను, ఆరోగ్యశాఖ అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సిరోసిస్ రోగిని ఇంటికి పంపించేటప్పుడు, సిరప్ ఎందుకో, ఎన్ని విరేచనాలు కావాలో, నిద్ర తారుమారయినా, చేతులు చాచి మణికట్టు పైకి ఎత్తినప్పుడు అవి రెక్కల్లా తపతపలాడినా ఏం చేయాలో, చీటీ లేకుండా నిద్రమాత్ర వేయకూడదని, ఆ రోజుల్లో స్కూటరు నడపకూడదని అరపేజీ తెలుగులో రాసి ఇవ్వాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు ఇటువంటి రోగి నిద్ర గురించి ఒక్క ప్రశ్న అడిగినా చాలు.

బావగారు మూడు రోజుల్లో మామూలు మనిషయ్యారు. ఇప్పుడు మా అక్క గోడకు తగిలించిన క్యాలెండరులో తేదీల కింద రోజూ పెన్సిలుతో గీతలు గీస్తుంది, రెండు లేక మూడు. అలా గీయమని చెప్పింది ఒక నర్సమ్మ, బయలుదేరేటప్పుడు, నోటిమాటగా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి.