కొవ్వంతా కోసేయమనకండి

అయ్యా,

మీ ఆదివారం పేజీలో బొగ్గుల మీద మాంసం కాల్చే పద్ధతి చెబుతూ ‘కొవ్వు మొత్తం తీసేయాలి’ అని రాశారు. చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కువైట్‌లో 14 ఏళ్లు ఒకరింట్లో వంట చేశాను. శుక్రవారం వచ్చిందంటే మూడు కిలోల బీఫ్ ముక్క కోయకుండా ఒక్కటిగా కాల్చాల్సిందే. మొదటిసారి నేనూ కొవ్వంతా చెక్కేశాను. పైన చెప్పు తోలులా అయింది, లోపలంతా పీచే. యజమానురాలు ఏమీ అనకుండా కంచం పక్కకి జరిపింది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

తెల్లగా, గట్టిగా ఉన్న కొవ్వుని ఒకవైపు పావంగుళం మందాన ఉంచేయాలండీ. అది కరుగుతూ ముక్క పైభాగం ఎండిపోకుండా కాస్తుంది. దాని మీద గళ్లుగళ్లుగా గాట్లు పెట్టాలి, కత్తి మాంసం దాకా దిగకూడదు. తీసేయాల్సింది వెండి రంగులో మెరిసే పొర. ఎంత కాల్చినా అది కరగదు, పైగా ముడుచుకుపోయి ముక్కని వంకర చేస్తుంది. అంచున వేలాడే కొవ్వు ముద్దలు కూడా వద్దు. నిప్పుల మీద కారితే మంట లేచి మసి పడుతుంది. మన కొబ్బరి చిప్పల బొగ్గు వేడికైతే మరీను.

ఇక్కడ పొట్టేలు తొడ కొన్నా నాది ఇదే లెక్క. కొట్టు కుర్రాడు ‘‘కొవ్వు తీసేయమంటారా బాబాయ్?’’ అంటాడు. ‘‘తూకం ముందా, తర్వాతా?’’ అంటాను. నవ్వేసి కత్తి నూరుకుంటాడు.

- ఒక పాఠకుడు, రాజోలు, కోనసీమ జిల్లా