పుస్తకం సంగతి తర్వాత, ముందు నాది ఏ జిల్లానో తేల్చండి

కందుకూరు,
సెప్టెంబర్ 2023.

పాఠకుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీ పత్రికలో వచ్చిన పాత హెడ్డింగులన్నీ కలిపి వేసిన పుస్తకానికి ముందే డబ్బు కట్టిన చందాదారుణ్ణి. వచ్చిన ప్రతిలో ఒక ఫారం (కలిపి అచ్చేసిన పేజీల కట్ట) రెండుసార్లు కుట్టారు, ఇంకొకటి కుట్టడమే మరిచిపోయారు. అచ్చాఫీసన్నాక జరుగుతుంటాయి. నా కోపం దాని మీద కాదు, ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడు మీద.

మొదట టోల్‌ఫ్రీ నంబరుకి చేశాను. తెలుగుకి ఒకటి నొక్కమంటే నొక్కాను. వీణ మొదలైంది. స్పీకర్ పెట్టి, కుర్చీలో ఉన్న గిరాకీకి కటింగ్ పూర్తి చేసి, మెడ మీద పౌడర్ కొట్టి లేపినా వీణ ఆగలేదు. చివరికి ఒకమ్మాయి వచ్చి "మీ ఇబ్బంది మాకు అర్థమైంది సార్" అంది. నేనింకా ఏమీ చెప్పలేదమ్మా అన్నాను. "అర్థమైంది సార్, త్వరలో పరిష్కరిస్తాం, దగ్గర్లోని మా ఆఫీసుకి వెళ్లండి" అని పెట్టేసింది.

దగ్గర్లోది ఒంగోలు. షాపు మూసుకుని వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన మీ పేపర్లోనే కట్టించుకొచ్చిన మిరపకాయ బజ్జీ తింటున్నాడు. నా అర్జీ అందుకుని, దాని అంచుకే వేళ్లు తుడుచుకుని, చదవకుండానే "కందుకూరా? మీరు నెల్లూరు జిల్లాలోకి పోయారు కదన్నా, మాకు సంబంధం లేదు" అన్నాడు. సరేనని ఇంకో రోజు నెల్లూరు బస్సెక్కాను. అక్కడ కంప్యూటర్ ముందున్న కుర్రాడు నా పిన్‌కోడ్ కొట్టి తల అడ్డంగా ఊపాడు. 523తో మొదలైతే ప్రకాశమట, 524 అయితేనే నెల్లూరట. "జిల్లా మారిందయ్యా, పోయినేడు ఏప్రిల్లో మీ పేపర్లోనే వేశారు" అంటే "పేపర్లో మారింది సార్, సిస్టమ్‌లో మారలా" అన్నాడు. మళ్లీ ఒంగోలు పోతే కౌంటర్లో ఆయన నన్ను చూసి, బజ్జీ పొట్లం పక్కకి జరిపి, అర్జీ కోసం చెయ్యి చాపాడు. ఈసారి ఇవ్వలేదు.

మా ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మమ్మల్ని మళ్లీ నెల్లూరుకి ఇచ్చేశారు. మా నాన్న కుర్చీ వేసిన చోటే నా షాపు ఉంది, జిల్లాలే వచ్చి పోతున్నాయి. "కందుకూరు ఇక నెల్లూరే" అన్న హెడ్డింగు చదివి, దీనివల్ల ఒక సెలూన్ వాడికి పుస్తకం మార్చుకునే దిక్కు లేకుండా పోతుందని ఎవరైనా అనుకుని ఉంటారా?

హెడ్డింగులు వేసి చేతులు దులుపుకోవడం మీకు మొదట్నుంచీ అలవాటే. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని రాశారు. పోయేటప్పుడు గడ్డంతో ఎందుకని ఊరంతా మా నాన్న దగ్గర గీయించుకుని, డబ్బులు అది పడ్డాక చూద్దామన్నారట. అది ఆస్ట్రేలియాలో పడింది. బాకీలు మా నాన్న నెత్తిన పడ్డాయి. 1995లో వినాయకుడు పాలు తాగాడు. ఆ రోజు మా వీధిలో ఆయన తప్ప ఎవరూ పాలు తాగలేదు, ఎదురు టీకొట్టుకి డికాక్షనే గతి. మర్నాడు మీ పేపరు చదివి చెంబులతో బయల్దేరిన వాళ్లకేమో స్వామి కడుపు నిండిపోయింది. ఇక మా వైపు నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన. "త్వరలో నీళ్లు" హెడ్డింగు నమ్మి అప్పుడు గడ్డానికి సబ్బు రాసుకుని కూర్చున్నవాడికి ఈపాటికి మనవళ్లు పుట్టుంటారు. మీ టోల్‌ఫ్రీ అమ్మాయి చెప్పిన "త్వరలో" ఏ పేజీ నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది నాకు.

శ్రీహరికోటని చూడండి. స్కైలాబ్ పడిన నెలకే వాళ్ల ఎస్.ఎల్.వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. మీరైతే సముద్రం మా పరిధి కాదనేవాళ్లు. వాళ్లు 1980 జూలైలో మళ్లీ ఎగరేసి చూపించారు. 2022లో మాలాగే వాళ్లకీ జిల్లా మారింది, నెల్లూరు నుంచి తిరుపతికి. అయినా మొన్న చంద్రయాన్-3 అక్కణ్ణుంచే చంద్రుడి దాకా పోయింది, ఎవరూ పిన్‌కోడ్ అడగలేదు.

మా నాన్న కాలం నుంచి మా షాపులో మీ పేపరే. ఇంకో పత్రిక వాళ్లు చందా కడితే ప్లాస్టిక్ బకెట్ ఇస్తామన్నా మారలేదు. కత్తికి అంటిన నురగ తుడవడానికి కూడా మీ పేపరు ముక్కలే వాడాం, అదీ ముందు చదివి. మా నాన్న మొదటి పేజీ మాత్రం చింపనిచ్చేవాడు కాదు. అంత నమ్మకానికి మీరిచ్చిన విలువ బజ్జీ నూనె మరక. అర్జీ జత చేస్తున్నాను, మరక మీ ఆఫీసుదే.

వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 2019 చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయొచ్చట. నేనుండేది ఎక్కడో మీరు తేల్చనివ్వడం లేదు కాబట్టి ఒంగోల్లో ఒకటి, నెల్లూర్లో ఒకటి వేస్తాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని మీరే వేశారు, మరుసటి ఏడాది అక్టోబర్లో రాష్ట్రమంతా సారా ఆగింది. 2022 పుణ్యమా అని ఇప్పుడు దూబగుంటదీ మాదీ ఒకటే జిల్లా. కాస్త ఆలోచించుకోండి.

పుస్తకం మారుస్తారో, డబ్బు వాపసిస్తారో మీ ఇష్టం. జిల్లా పేజీలో మాత్రం నాకు క్షమాపణ వేయాలి. ఏ జిల్లా పేజీలోనో మీలో మీరు తేల్చుకోండి. వచ్చే నెల చందాకి మీ ఏజెంటు కుర్రాడు వస్తాడు కదా, రశీదు మీద మా జిల్లా పేరు రాసి, మీ సంతకం పెట్టి పంపండి. అది చూశాకే గల్లాపెట్టె తీస్తాను.

ఇట్లు,
మీ పాత చందాదారు,
సెలూన్, బస్టాండు దగ్గర,
కందుకూరు (జిల్లా మీరే పూరించుకోగలరు)