ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనను ఎత్తివేయాలి

సంపాదకులకు నమస్కారం.

2023లో ఐపీఎల్‌లో ప్రవేశపెట్టిన, మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి స్థానంలో మరొకరిని దింపే వీలిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధనను 2027 వరకు కొనసాగించాలని భారత క్రికెట్ నియంత్రణ మండలి తీసుకున్న నిర్ణయం సరైనది కాదని నా అభిప్రాయం. బౌలింగ్ కోటా ముగించిన బౌలర్‌ను పక్కన కూర్చోబెట్టి అతని స్థానంలో అచ్చమైన బ్యాటర్‌ను దింపే వీలున్నప్పుడు, రెండు విద్యలూ కష్టపడి నేర్చుకున్న ఆల్‌రౌండర్‌తో జట్టుకు పనేముంటుంది? వాషింగ్టన్ సుందర్, శివమ్ దూబే లాంటివారికి బంతి వేసే అవకాశమే దక్కడం లేదని రోహిత్ శర్మ 2024లోనే బహిరంగంగా చెప్పారు.

2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో హైదరాబాద్, ముంబై జట్లు కలిసి 523 పరుగులు చేసిన రాత్రి నేనూ గ్యాలరీలో ఉన్నాను. మొదట గొంతు పోయేలా అరిచాను. కానీ ఓవర్ ముగించి మా ముందున్న బౌండరీ దగ్గరికి వచ్చిన ఒక బౌలర్, మోకాళ్లపై చేతులు ఆనించి తల వంచుకుని నిల్చున్న తీరు నేటికీ కళ్లముందే ఉంది. ఆ 38 సిక్సర్లకు పిచ్ కూడా కారణమే, కాదనను. అయినా ఎనిమిదో వికెట్ దాకా బ్యాటర్లే ఉంటారన్న ధీమా లేకపోతే అంత తెగింపు సాధ్యమయ్యేది కాదు.

మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు. అలాంటి ఆల్‌రౌండర్లు తయారయ్యేది మ్యాచుల్లో బంతి చేతికి ఇచ్చినప్పుడే. 2024-25 నుంచి దేశవాళీ టీ20 పోటీ అయిన సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో ఈ నిబంధనను తొలగించిన మండలి, ఐపీఎల్‌లో మాత్రం ఎందుకు ఉంచిందో అభిమానులకు వివరించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక క్రికెట్ అభిమాని, హైదరాబాద్