దేశవ్యాప్త ఆధిక్యం చూసి అమెరికా విజేతను తేల్చకండి

సంపాదకులకు,

అమెరికా అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న జరుగుతుంది. ఆలోగా ‘ఫలానా అభ్యర్థికి 48 శాతం, ప్రత్యర్థికి 45’ వంటి శీర్షికలు ఎన్ని వస్తాయో లెక్కలేదు. ఆ మూడు శాతాన్ని పట్టుకుని గెలుపు ఎవరిదో తేల్చడం ఎంత ప్రమాదమో మన ఓటర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం-బీజేపీ కూటమికి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు మధ్య ఓట్ల తేడా మూడు శాతం లోపే. సీట్లు మాత్రం 106, 67.

అమెరికాలో సీట్ల స్థానంలో ఎలక్టోరల్ ఓట్లుంటాయి, అంటే అధ్యక్షుణ్ణి తేల్చేందుకు రాష్ట్రానికిన్ని అని కేటాయించిన ఓట్లు. మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా మినహా ప్రతి రాష్ట్రంలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లు మొత్తం దక్కుతాయి. 2016లో డెమొక్రాటిక్ అభ్యర్థి హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తమ్మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్‌లలో కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్ అధ్యక్షుడయ్యారు. 2020లో ట్రంప్‌పై డెమొక్రాట్ బైడెన్ ఆధిక్యం 70 లక్షలు దాటింది. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో ఆయన్ను గట్టెక్కించింది సుమారు 43 వేల ఓట్లు. ఆ మూడూ చేజారి ఉంటే లెక్క 269-269 దగ్గర ఆగేది.

కాబట్టి ముందు తేలిపోయిన రాష్ట్రాలను పక్కన పెట్టాలి. కాలిఫోర్నియా (54 ఎలక్టోరల్ ఓట్లు), న్యూజెర్సీ (14) 1992 నుంచి డెమొక్రాట్లవే, టెక్సస్ (40) 1980 నుంచి రిపబ్లికన్లదే. టెక్సస్‌లోని డాలస్ నుంచో న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచో మన బంధువులు ఫోన్లో చెప్పే ‘ఇక్కడి గాలి’కి అందుకే పెద్ద విలువ లేదు. జార్జియాలోని అట్లాంటా, నార్త్ కరోలినాలోని షార్లెట్ వాళ్లు చెబితే కాస్త చెవి ఒగ్గొచ్చు. గత రెండు ఎన్నికల్లో పోటీ బిగుసుకున్నది పెన్సిల్వేనియా (19), జార్జియా (16), నార్త్ కరోలినా (16), మిషిగన్ (15), అరిజోనా (11), విస్కాన్సిన్ (10), నెవాడా (6)లలో. మిగతా రాష్ట్రాల ఓట్లు ఎవరివి వారికి వేసేశాక, 270కి ఇంకెన్ని కావాలో, వీటిలో ఏవి కలిస్తే అవి వస్తాయో చూడాలి.

ఆ తర్వాతే రాష్ట్ర సర్వేలు. వెయ్యి మందిని అడిగితే ఒక్కో అభ్యర్థి అంకెలో మూడు శాతం అటూఇటూ ఉంటుందని సర్వే కిందే రాస్తారు. ఇద్దరి మధ్య తేడా దగ్గరకొచ్చేసరికి అది దాదాపు ఆరవుతుందన్న సంగతి మన వార్తల్లో కనబడదు. పైగా అది శాంపిల్ వల్ల వచ్చే తప్పు మాత్రమే. ఫోనెత్తి జవాబు చెప్పేవాళ్లే ఒక తరహా వాళ్లయితే ఎంతమందిని అడిగినా సరిపడదు. 2016లో చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి లెక్క సరిచేయలేదు. కాలేజీ చదివినవాళ్లే ఎక్కువగా జవాబిచ్చారు, అంకెలు క్లింటన్ వైపు ఒరిగాయి. 2020లో విస్కాన్సిన్ సర్వేల సగటు బైడెన్‌కు ఏడెనిమిది శాతం ఆధిక్యం చూపితే వచ్చింది 0.6.

ఇంకో తికమక ఉంది. ఈ తప్పులు రాష్ట్రానికొకటిగా విడివిడిగా రావు, కట్టకట్టుకుని వస్తాయి. నాణేన్ని ఏడుసార్లు ఎగరేస్తే ఏడూ బొమ్మే పడటం 128లో ఒక వంతు. కానీ 2024లో పైన చెప్పిన ఏడూ ట్రంప్‌కే పడ్డాయి. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ అయితే 1992 నుంచి ప్రతిసారీ ఒకే వైపు వెళ్లాయి. ఒకచోట సర్వే బోల్తా కొడితే పక్క రాష్ట్రంలోనూ కొడుతుందనే అనుకోవాలి.

గెలుపు అవకాశాన్ని ఓట్ల శాతంతో కలిపేయడం మరీ అన్యాయం. 2016లో పేరున్న ఒక అంచనా ట్రంప్‌కు 29 శాతం అవకాశం ఇచ్చింది. పది ఎన్నికల్లో దాదాపు మూడు అన్నమాట. అది తప్పిన జోస్యమేమీ కాదు.

సర్వే వార్త వేసేటప్పుడు ఏ రాష్ట్రం, ఏ తేదీలు, ఎంతమంది, నమోదైన ఓటర్లా లేక కచ్చితంగా ఓటేస్తారనుకున్నవాళ్లా అన్నవి ఒక్క వాక్యంలో వేయండి. ఓట్ల లెక్కింపు వేళ కూడా తొందర వద్దు. పెన్సిల్వేనియాలో పోలింగ్ ముగిసేది మనకు బుధవారం ఉదయం 6.30కి. పోస్టల్ ఓట్ల కవర్లను అక్కడ పోలింగ్ రోజు ఉదయం దాకా తెరవరాదు. 2020లో ఆ ఓట్లు ఎక్కువగా బైడెన్‌కు పడ్డాయి, అందుకే మొదటి రాత్రి ట్రంప్ ముందున్నారు, శనివారానికి ఆ రాష్ట్రం బైడెన్‌దని తేలింది.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ