ఆదివారం జూకి వెళ్తున్నాం, శుక్రవారంలోగా పేర్లు పెట్టండి

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం విశాఖ జూ ఖాయం. ఉదయం 9 గంటలకల్లా మెయిన్ గేటు దగ్గర ఉండండి. ఎండెక్కితే జంతువులు పడుకుంటాయి, మనం బోర్డులు చదువుకుని రావాలి.

ముందుగా రేచుకుక్కల (ధోల్ అనే అడవి కుక్కల) దగ్గరికి. దేశంలో వీటి సంతతి పెంచే కార్యక్రమాన్ని నడిపించేది మన జూయే. ఇవి ఊరకుక్కల్లా మొరగవు, ఈల వేసినట్టు పిలుచుకుంటాయి. అక్కడ మాత్రం మీరు ఈలలు వేయకండి (పోయినసారి వేసిందెవరో వారికే తెలుసు 😄).

అందరికీ ఒక పని: జూలో చూడాలని ఉన్న అడవి కుక్క లేదా నక్క జాతి పేరు ఒక్కటి, ఎందుకో ఒక వాక్యం, శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పెట్టండి.

ఉత్తినే ‘నక్క’ అంటే లెక్కలోకి రాదు! నక్క (జాకల్) వేరు, గుంటనక్క (ఫాక్స్) వేరు. గుంటనక్క చిన్నది, తోక చివర నల్లగా ఉంటుంది, బొరియల్లో ఉంటుంది, చెదపురుగులు, ఎలుకలతో పాటు పళ్ళూ తింటుంది. మన మెట్టభూముల్లోదే అయినా దాన్ని చూసినవాళ్ళు మన గ్రూపులో ఎంతమంది?

పిల్లల ఓటు సహారా ఎడారి ఫెన్నెక్ నక్కకే, ఆ చేటంత చెవుల కోసం. నా ఓటు దక్షిణ అమెరికా మేన్డ్ వుల్ఫ్‌కి. నక్కని పొడుగు కాళ్ళ మీద నిలబెట్టినట్టుంటుంది, కానీ అది నక్కా కాదు, తోడేలూ కాదు.

గుర్తుంచుకోండి: స్టీలు సీసాలో నీళ్ళు, టోపీ. జంతువులకి ఏమీ పెట్టొద్దు. ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో పేరు పక్కనే రాయండి, టిక్కెట్లు నేను తీస్తాను.