ఆ కన్ను ఎప్పటిదో ముందు తేల్చు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో, దాని మీద మీవాళ్ల వాదులాట రెండూ చూశాను. లంక ఊళ్లో చర్చి ముఖం మీద త్రికోణం, మధ్యలో కన్ను. రాతిపనివాళ్ల పనిముట్లని గుర్తులుగా పెట్టుకున్న గుప్త సంఘం వాళ్లు, అదే ఫ్రీమేసన్ దొరలు, గుట్టుగా పెట్టిపోయారని ఒకరు, శ్రీచక్రాన్ని కాపీ కొట్టారని ఇంకొకరు. ఇద్దరూ ఆకారమే చూశారు గానీ అది దేనితో చేసిందో చూడలేదు.

మన డెల్టా అంతా ఒండ్రు. రాయి కావాలంటే ధవళేశ్వరం, రాజమండ్రి వైపు నుంచి దించుకోవాల్సిందే. అందుకే కింది ఊళ్లలో పాత కట్టడాలు చాలావరకు ఇటుక, పైన సున్నపు గార. ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి గార లేచిపోతుంది. ఇప్పుడు దానిమీద సిమెంటు పూస్తున్నారు. అది చెమ్మని బయటికి పోనివ్వదు. ఉప్పు వెనక పేరుకుని పాత గారతో సహా పెచ్చు ఊడుతుంది. ఊడినచోట బొమ్మ మళ్లీ చెయ్యాలి కదా, పాతది ఎవరికీ గుర్తుండదు, కేలెండర్లో ఉన్నదే గోడమీదికి దిగుతుంది. ఫలకం మీద ఉన్న సంవత్సరం గోడది, బొమ్మది కానక్కర్లేదు. కింద రాలిన పెచ్చు ఒకటి తీసి గోటితో గీసి చూడు. బూడిదరంగులో ఉండి లొంగకపోతే సిమెంటు. తెల్లగా పొడి రాలుతూ గుల్ల ముక్కలు కనిపిస్తే పాత సున్నం. గోడని మాత్రం గీకకు.

ఇక కన్ను సంగతి. క్రైస్తవ చిత్రాల్లో త్రికోణం త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటే అన్నదానికి గుర్తు, కన్ను దేవుడి చూపుకి. 1525లో ఇటలీ చిత్రకారుడు పోంటార్మో గీసిన ఎమ్మావు విందు (తిరిగి లేచిన యేసు శిష్యులతో భోజనం) బొమ్మని అందరూ సాక్ష్యంగా చూపిస్తారు. తీరా చూస్తే అందులో కన్ను తర్వాత ఎవరో పైన వేసిన రంగు. అక్కడా పొరల గొడవే! మేసన్లలో కన్ను బాగా వ్యాపించింది 1797లో అమెరికా మేసన్ థామస్ స్మిత్ వెబ్ పుస్తకం వచ్చాక. అప్పటికే కేథలిక్ చర్చిల్లో అది మామూలు అలంకారం.

అసలు మేసన్ల పుట్టుకే తగువులో ఉంది. వాళ్ల పెద్ద సంఘం లండన్ గ్రాండ్ లాడ్జి 1717లో పుట్టిందని వాళ్లంటారు, 1721 అని కొందరు చరిత్రకారులు. రాతిపనివాళ్ల సంఘాలే అలా మారాయా, పెద్దమనుషులు వాళ్ల మూలమట్టాన్నీ కంపాస్‌నీ అరువు తెచ్చుకున్నారా అన్నది తేలలేదు. 1598 నాటి స్కాట్లండ్ కట్టుబాట్లలో మాత్రం పనివాడి పేరుతోపాటు అతని గుర్తు కూడా పుస్తకంలో ఎక్కించాలని ఉంది. ఏ రాయి ఎవరు చెక్కారో తెలియాలిగా. తాజ్‌మహల్ రాళ్ల మీదా నక్షత్రాలు, స్వస్తికలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని భోజ్‌పూర్ శివాలయంలో ఇలాంటి గుర్తులు 1,300కి పైనే.

సామర్లకోట, ద్రాక్షారామం వెళ్లినప్పుడు ఇది గుర్తుపెట్టుకో. ఒకే గుర్తు చాలా రాళ్ల మీద ఉంటే కూలి లెక్కది కావచ్చు. అతుకుకి అటూ ఇటూ జంటగా ఉంటే రాళ్లు పేర్చడానికి పెట్టింది. గీత అతుకు దాటి తిన్నగా సాగితే రాయి నిలబెట్టాక చెక్కింది, అంటే కట్టినవాళ్లది కాకపోవచ్చు.

షట్కోణం కనబడగానే యూదుల దావీదు నక్షత్రం అనేస్తారు. సుబ్రహ్మణ్యేశ్వరుడి యంత్రంలో ఉన్నదీ, హుమాయూన్ సమాధి మీద ఉన్నదీ అదే. తలకిందుల అయిదు కొనల నక్షత్రం సైతానుదన్న మాట 1850ల్లో ఫ్రెంచి మంత్రవిద్యల రచయిత ఎలిఫాస్ లెవీ రాతలతో పాకింది. ఫ్రాన్సులో అమియెన్ కెథడ్రల్ కిటికీలో అది మధ్యయుగం నుంచే ఉంది.

మళ్లీ వెళ్లినప్పుడు సాయంత్రం టార్చిని గోడకి ఆనించినట్టు పక్కనుంచి వేసి ఫొటో తియ్యి, నీడల్లో గీతలు తేలతాయి. పక్కన స్కేలు పెట్టు. సుద్ద రుద్దడం, నూనె పుయ్యడం వద్దు, మరక పోదు. ఫాదర్ గారిని అడిగి మరమ్మతుల ఖాతా చూడు, గార పనికి మేస్త్రీ కూలి ఏ ఏడు పడిందో రాసుకో. ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు, మామూలుగా పంపితే సన్నగీతలు చెరిగిపోతాయి.

నాన్న