ఓపీ చీటీలో ఆ గడి తీసేయండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రాల గురించి మేం ఇచ్చిన వినతిపత్రాలు మీ కార్యాలయానికి ముట్టాయి. రసీదులు మా దగ్గర ఉన్నాయి, జవాబే రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ఈ ఆరోగ్య కేంద్రాలకు మీరు ప్రకటించిన పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? కౌన్సెలర్‌ని వేస్తామన్నారు, వేయలేదు. విడిగా గది ఇస్తామన్నారు, ఇవ్వలేదు. వాటికోసం ఇంకొన్నాళ్లు ఆగుతాం. ఓపీ చీటీలో ‘తల్లి లేదా తండ్రి ఫోన్ నంబర్, తప్పనిసరి’ అని ఉన్న గడి విషయంలో మాత్రం ఇక ఆగలేం.

మా దగ్గరికి వచ్చే విద్యార్థులు పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు. మూత్రంలో మంటగా ఉందని, నెల తప్పిందని, కండోమ్ చిరిగిందని భయపడుతూ వస్తారు. పేరు రాస్తారు, వయసు రాస్తారు, ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. ‘మళ్లీ వస్తాను సిస్టర్’ అని చీటీ బల్లమీదే వదిలేసి వెళ్తారు. రారు.

ఇంట్లో ఈ మాట ఎత్తగలిగిన పిల్లలకు ఆ గడితో ఇబ్బంది లేదు. అమ్మకో అక్కకో చెప్పుకుని బయట డాక్టరుకు చూపించుకుంటారు. చెప్పుకునే దిక్కు లేనివాళ్లకే మా కేంద్రం కావాలి. తండ్రి చేయి చేసుకునే ఇల్లు, తెలిస్తే చదువు మాన్పించే ఇల్లు, పట్టించుకునే మనిషే లేని ఇల్లు. ఫీజు కట్టేవాడి మీద ఆధారపడి, కండోమ్ వాడమని గట్టిగా అనలేని అమ్మాయిలూ ఉన్నారు. ‘మంచి కుటుంబాల పిల్లలకు ఇవన్నీ ఎందుకొస్తాయి’ అని మీటింగుల్లో అంటుంటే కడుపు రగిలిపోతుంది. భయపెట్టి పెంచిన ఇళ్ల పిల్లలే మా దగ్గరికి అందరికంటే ఆలస్యంగా వస్తున్నారు సార్.

ఆలస్యమైతే ఏమవుతుందో ఏ డాక్టరైనా చెబుతారు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు ప్రమాదం ఎదురైన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. లైంగికంగా సోకే క్లమీడియా అనే జబ్బు చాలామంది ఆడపిల్లల్లో ఏ లక్షణమూ చూపించదు. యాంటీబయాటిక్‌తో నయమయ్యే జబ్బే, కానీ వదిలేస్తే గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చు. ఒక ఫోన్ నంబర్ కోసం ఇంత దూరం రానివ్వాలా?

పిల్లలకు లైంగిక విషయాలు చెబితే చెడిపోతారని మీ అధికారులు అంటున్నారు. 2018లో యునెస్కో సవరించి ఇచ్చిన మార్గదర్శకాలు చదవమనండి. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని, జాగ్రత్త పెరుగుతుందని అందులో ఉంది.

తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు పాపం. వాళ్లతో మాట్లాడే ఏర్పాటు చేస్తే సంతోషిస్తాను. పిల్లల్ని అడక్కుండా ఇంటికి ఫోన్ చేయడం మాత్రం వద్దు.

ఆ గడి తీసేయమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. కౌన్సెలర్‌ని వేయండి. పరీక్ష రిపోర్టు ఆ విద్యార్థి చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని రాతపూర్వకంగా చెప్పండి. కొత్త చీటీలు ప్రింటింగ్‌కి వెళ్లేలోపే ఆ గడి సంగతి తేల్చండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం నర్సు